ఊరికే దొరికిన ప్రోగ్రాముకి ఫీజా?

ఈ మాట అన్నవాళ్ళని, మరి నా పనికి ఫీజు ఇస్తారా ఇవ్వరా అని ఏళ్ళ తరబడి అడుగుతున్నాను. గుడివాడ మిల్లర్ల సంఘం అధ్యక్షుడుగారు నాకు కుర్చీ వేయించారు, కాఫీ ఇప్పించారు, జవాబు మాత్రం ఇవ్వలేదు. అందుకే రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో గుడివాడలో నాకో చిన్న కంప్యూటర్ షాపు ఉండేది. రోజూ బందరు నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. ఇంటర్నెట్‌లో ఎవరో ఉచితంగా పెట్టిన లెక్కల ప్రోగ్రాము తీసుకుని, రైసుమిల్లుకి పనికొచ్చేలా మార్చాను. ధాన్యంలో తేమ, నూక, తవుడు, ఊక అన్నీ తెలుగులో కనపడతాయి. ఏడాది పట్టింది. మొదట అధ్యక్షుడుగారి మిల్లులోనే పెట్టాను, ఫీజు ఇచ్చారు. మార్చినవాడు తన కోడ్ ఇవ్వాలి, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు అన్న ఉచిత ప్రోగ్రాము షరతు ప్రకారం నేను రాసిన కోడ్ కూడా సీడీలో ఇచ్చి, మూలం ఊరికే దొరికిందన్న సంగతి దాచకుండా చెప్పాను.

తరవాతి సంఘం మీటింగులో ఆయన లేచి, "మా అల్లుడు గట్టివాడండీ. ఊరికే దొరికినదాన్ని నాకే అమ్మాడు," అన్నారు. అందరూ నవ్వారు. ఆయనకీ నాకూ ఏ చుట్టరికమూ లేదు.

"కాలవ నీళ్ళూ ఊరికే వస్తాయి కదండీ. చేలో నీళ్ళు పెట్టిన మనిషికి కూలి ఇవ్వరా?" అన్నాను.

"ఇంట్లోవాళ్ళకి కూలేమిటి అల్లుడూ," అన్నారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఆ సీడీ అవనిగడ్డ దాకా ప్రతి మిల్లుకీ వెళ్ళింది. కాపీ చేసుకోవడం తప్పు కాదు, షరతే అది. కానీ తెర మీద మొదట వచ్చేది నా పేరు. ఆగిపోతే ఫోను నాకే. "బావా, నీ ప్రోగ్రాము కదలట్లేదు, లారీ గేటు దగ్గరుంది." వెళ్ళకపోతే నా పేరు పాడవుతుంది. వెళ్తే ముందు విస్తరి వేస్తారు. ఓసారి దివిసీమలో ఒక మిల్లు యజమాని ఇంట్లో, తినొచ్చానని అబద్ధమాడాను. "మా చేతి అన్నం పనికిరాదా అన్నయ్యా?" అంది ఆయన భార్య. కూర్చున్నాను. తిన్న చోట ఫీజు అడగడానికి మా వైపు ఎవరికీ నోరు రాదు. నాకూ రాలేదు.

ఇప్పుడు అమ్మకం పన్ను పద్ధతి మారుతోంది, ప్రోగ్రాములో బిల్లు లెక్కలూ మారాలి. "అన్ని మిల్లులకీ మార్చిపెట్టు అల్లుడూ," అని అధ్యక్షుడుగారు కబురు పెట్టారు. ముందు జవాబు చెప్పమన్నాను. భోజనానికి రమ్మన్నారు. ఈసారి వెళ్ళలేదు.

అధ్యక్షుడుగారూ, ప్రోగ్రాము ఉచితమే, నేనెప్పుడూ కాదనలేదు. నా పనికి ఫీజు ఇస్తారా, ఇవ్వరా? ఏదో ఒకటి సంఘం మీటింగులో, అందరి ముందూ చెప్పండి.