పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇంట్లో షుగర్ ఉండదు

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా నంద్యాలలో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. డాక్టరమ్మ అంటారు గానీ, తలనొప్పికి మాత్ర రాయమంటే రాయలేను. షుగరు, బీపీ లాంటి అందరికీ వచ్చే జబ్బులు వంశాల్లో ఎట్లా దిగుతాయో చూడడం నా పని. సగం జీవితం హైదరాబాదు ప్రయోగశాలలో గడిచింది. మిగతా సగం జనాల వసారాల్లో కూర్చుని "మీ మేనత్తకు షుగరుండేదా?" అని అడగడంతో సరిపోయింది.

మొదట్లో ఒక్క జన్యువును పట్టుకుంటే చాలు, జబ్బు గుట్టు రట్టవుతుందని కలలు కన్నాను. ఆ కల ఎక్కువ రోజులు నిలవలేదు. షుగరు తేరు లాంటిది. ఒక్కడు లాగితే కదలదు, వందల జన్యువులు తలా ఒక చెయ్యి వేయాలి. మనం తినే తిండి, కదలకుండా కూర్చునే కూర్చోవడం వెనక నుంచి తోయాలి. అందుకని ఒక మనిషి రక్తంతో నాకు పని జరగదు, వంశాలకు వంశాలు కావాలి. వంశాలంటే నాకు మా వాళ్లే గుర్తొచ్చారు. తరతరాలుగా అంగట్లో గద్దె మీద కూర్చుని, మేనరికాలు చేసుకుని, ఎవరికెవరు ఏమవుతారో నోటికి చెప్పగలిగిన వ్యాపారస్తులు. నంద్యాల, ఆళ్లగడ్డల్లో మాకు బంధువు కానివాడు దొరకాలంటే వెతకాలి.

ఆళ్లగడ్డలో ఒక కళ్యాణ మండపం తీసుకుని రక్తం తీసే క్యాంపు పెట్టాం. పరగడుపున రావాలని ముందురోజే ఆటోకు మైకు కట్టి మరీ చెప్పించాను. పొద్దున్నే జనం బాగానే వచ్చారు, ఉగ్గాని వాసనతో సహా.

"ఏమీ తిన్లేదు కదన్నా?" అని ఒకాయన్ను అడిగాను.

"ఉగ్గాని ముట్టలేదమ్మా. రెండు బజ్జీలు తిన్యా, అంతే."

"బజ్జీలు తింటే తిన్నట్టు కాదా?"

"నెత్తురిచ్చేకి పోతాంటే ఒట్టి కడుపుతో యాడన్నా పంపుతారామ్మా ఇంట్లో?" అని నన్నే కోప్పడ్డాడు.

మరుసటి రోజు రమ్మన్నాను. కాఫీ తాగి వచ్చాడు. అది తాగేది కాబట్టి లెక్కలోకి రాదట. నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు గానీ, ఆ మనిషిని చూస్తే నవ్వే వచ్చింది.

సూదికి భయపడేవాళ్ల కోసం ముందు నా వేలికే గుచ్చుకుని చూపించేదాన్ని. వచ్చిన చుక్కను ఊరికే పారేయకుండా మీటరుకు పెట్టేదాన్ని. అట్లా ఒక పొద్దున మీటరు నాకే షుగరు ఎక్కువ చూపించింది. పాడైందనుకుని మీటరు మార్చాను. రెండోదీ అదే మాట చెప్పింది. హైదరాబాదు పోయి సరిగ్గా పరీక్ష చేయించుకుంటే నిజమేనని తేలింది, మాత్రలు మొదలుపెట్టాను. మా ఆయన అంతా విని, "పాప పెళ్లయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దులే" అన్నాడు. ఆయనా పీహెచ్‌డీ చేసినవాడే. మా అమ్మాయికి అప్పుడే సంబంధాలు చూడడం మొదలుపెట్టాం. నేనూ సరేనన్నాను.

ఆ మాటే నాకొక చిక్కు విప్పింది. వంశపటం గీసేటప్పుడు మేము ఆడవాళ్లకు సున్న, మగవాళ్లకు చదరం వేస్తాం. జబ్బుంటే నల్లగా దిద్దుతాం, లేకుంటే తెల్లగా వదిలేస్తాం. మా పటాల్లో కొన్ని ఇళ్లు మొత్తం నలుపు, కొన్ని ఇళ్లు మొత్తం మల్లెపూలు. మాతో లెక్కలు చూసే బెంగాలీ ఆయన తల పట్టుకున్నాడు. "ఆఖరి కూతురి పెళ్లి కాగానే ఇక్కడ తల్లిదండ్రులకు షుగరొస్తోంది. పెళ్లి దిగులుతో వస్తోందా?" అని అడిగాడు. రావడం కాదు నాయనా, అప్పుడు బయటపడుతోంది. పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇంట్లో షుగర్ ఉండదు. ఉన్నా ఉండదు. దాంతో నోటిమాటను నమ్మడం మాని అందరి రక్తమూ చూశాం. ఫలితం ఎవరిది వాళ్ల చేతికే ఇస్తాం, రెండో మనిషికి చెప్పం. ఆ షరతు మీదే జనం చేతులు చాచారు.

ఇక మా చిన్నమ్మ సంగతి. అమ్మకు ఆఖరి చెల్లెలు, నాకంటే కొంచెమే పెద్ద. నంద్యాలలో వాళ్ల కిరాణా అంగడి ఆమె గొంతు మీదే నడుస్తుంది. ఇది రాస్తానంటే "రాసుకో, పేర్లు మాత్రం వద్దు" అంది. అప్పట్లో ఆమె చిన్న కూతురికి ఆళ్లగడ్డలో బట్టలంగడి వాళ్ల అబ్బాయి సంబంధం కుదిరేలా ఉంది. చిన్నమ్మ ఫలితంలో షుగరు బాగా ఎక్కువగా ఉంది. వాళ్లింటికి పోయి, తలుపు దగ్గరగా వేసి, కాగితం చేతికిచ్చి చెప్పాను.

"తెలుసులే," అంది. "శానా దినాలాయ."

"మందులు?"

"యాడ వేసుకునేది? మందులంగడాయప్ప ఆ పిల్లోని తల్లికి వరసకు తమ్ముడు. ఈడ చీటీ చూపిస్తే మాపటికి ఆళ్లగడ్డలో చెప్పుకుంటారు."

అప్పుడు ఆమె కాళ్లు చూశాను. మడమల దాకా దట్టంగా పసుపు. శుభకార్యం ఉన్న ఇంట్లో పసుపు కాళ్లను ఎవరు అనుమానిస్తారు? ఆ పసుపు కింద కుడికాలి వేలికి పుండు. చెప్పు కరిచిందట, మానడం లేదట, నొప్పి కూడా లేదట. నొప్పి లేదంటే షుగరు నరాలను మొద్దుబార్చిందన్నమాట. అట్లాంటి పుండుతో కాలు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను.

"కాలు పోతాది చిన్నమ్మా!" అన్నాను. భయమేస్తే నాకు ఊరి భాష వచ్చేస్తుంది.

"కాలు పోతే పోనీ. సంబంధం పోతే యాడ తెచ్చేది? తాంబూలాలు కానీ, ఆసుపత్రి సంగతి అప్పుడు చూస్తాం. ఎవరికన్నా చెప్పినావో, మా గడప తొక్కొద్దు."

తాంబూలాలైతే పెళ్లి కానీ అంటుంది, పెళ్లయితే పురుడు కానీ అంటుంది. ఆమె సంగతి నాకు తెలియదా?

ఆ వారంలోనే ఫలితాలు ఇవ్వడానికి ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దాటినా కళ్ల ముందు ఆ కాలే. మండపంలో ఒకావిడ అందరూ పోయేదాకా కూర్చుంది. తన కాగితం చూసుకుని, మడిచి జాకెట్టులో దోపుకుంది.

"మేడం, ఈ మాట ఈడ్నే ఉండనీ. మా పిల్లోనికి నంద్యాలలో సంబంధం చూస్తాండాం. అత్తకు షుగరుందని తెలిస్తే ఆ కిరాణా అంగడామె పిల్లనిస్తాదా? శానా గట్టి మనిషంట."

ఆ గట్టి మనిషికి అక్క కూతుర్ని నేనేనని ఆమెకు తెలియదు. తిరుగు బస్సులో ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే తీరిపోయే భయం అది. కానీ ఆ రెండింటిలో ఒక్కటీ నాది కాదు.

తాంబూలాల రోజు ఆవిడ చిన్నమ్మ ఇంటికి వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. నేను కొత్త మనిషికి పెట్టినట్టే నమస్కారం పెట్టాను. ముందు భోజనాలన్నారు. విస్తళ్లలో బెల్లం పూర్ణం నిండిన భక్ష్యాలు, వాటి మీద ధారగా నెయ్యి.

"ఇంగొకటి ఏసుకో వదినా," అంటుంది చిన్నమ్మ.

"నువ్వు తినకుంటే నేనెట్ల తినేది వదినా," అంటుంది ఆవిడ.

వద్దంటే అనుమానమొస్తుందని ఇద్దరూ తింటున్నారు. షుగరున్న ఇద్దరు ఆడవాళ్లు ఒకరికొకరు కొసరి కొసరి బెల్లం వడ్డించుకుంటున్నారు. చిన్నమ్మ లేచినప్పుడల్లా కుంటుతోంది. పసుపు ఆ రోజు మరీ మందంగా ఉంది, ఒక పక్కన తడిసి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె నాకు భక్ష్యం వేయబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను.

"నాకొద్దు చిన్నమ్మా. నాకు షుగరుంది," అన్నాను, అందరికీ వినపడేట్టు.

నా దగ్గరున్న గుట్టుల్లో నేను విప్పగలిగింది అదొక్కటే. అదీ పూర్తిగా నాది కాదు. అక్క కూతురికి ఉందంటే పెళ్లికూతురికీ రావచ్చని లెక్క వేసుకుంటారు. మా అమ్మాయికి వచ్చే సంబంధాల దాకా ఆ మాట పాకుతుంది. జన్యువుల సంగతి అంతే, ఎవరి గుట్టూ ఒక్కరిదే కాదు.

చిన్నమ్మ నా చెవి దగ్గరకు వంగి పళ్లు కొరికింది. "బుద్ధుందా నీకు? పెండ్లి కావాల్సిన పిల్లను ఇంట్లో పెట్టుకొని ఏం మాట్లాడతాండావ్?"

"దాని పెండ్లిలో నేను రెండు కాళ్ల మీద తిరగల్ల చిన్నమ్మా," అన్నాను.

ఆమె ముఖం వాడిపోయింది. అప్పుడు ఆళ్లగడ్డ ఆవిడ తన విస్తరిని కొంచెం ముందుకు జరిపింది.

"ఏమనుకోవద్దు వదినా. నాకూ ఈ భక్ష్యం వద్దు. నాకూ ఉంది."

చిన్నమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది, చేతిలోని పళ్లెం చూసుకుంది. "నీకూనా వదినా!" అంటూ కింద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే పసుపు కాలు చాపి వియ్యపురాలికి చూపించింది. తాంబూలాలు మార్చుకున్నారు. వెంటనే పెళ్లివారి కారులోనే చిన్నమ్మను ఆసుపత్రికి తీసుకుపోయాం. వేలు తీసేశారు, కాలు మిగిలింది. పెళ్లిలో ఆమె మెత్తటి చెప్పులేసుకుని వంటవాళ్ల మీద అరుస్తూ తిరిగింది.

ఆ తర్వాత ఒకసారి మా సొంత వంశపటం ఆమె అంగట్లో పరిచాను. మొదట్లో నోటిమాటలు నమ్మి నేను గీసిన పటం అది. అందులో నా సున్నను నల్లగా దిద్దాను. చిన్నమ్మ కళ్లద్దాలు పెట్టుకుని "నాదేది?" అంది. చూపించాను. పెన్ను నా చేతిలోంచి లాక్కుని తన సున్నను తనే నింపుకుంది. తర్వాత చిన్న కూతురి సున్న దగ్గర ఆగింది. పరీక్షలో ఆ పిల్లకు జబ్బు లేదు. చిన్నమ్మ దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"దీన్ని మాత్రం తెల్లగా ఉండనియ్యి," అంది. "ఏటేటా నేనే పిల్చుకొచ్చి నెత్తురిప్పిస్తా. బజ్జీ గూడా పెట్టను."