సార్ పట్టిన తప్పు

మా లెక్కల సార్ పోయారని పోయిన శుక్రవారం ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నా నంబరు సార్ ఫోనులో ఉందట. ఆయనకు నేను ఫోన్ చేసి పదేళ్ళు దాటింది.

పాతబస్తీలో మా బడి ఒక చిన్న మేడ. పాలు పోసే ఇంటి పిల్లనైన నాకు లెక్కలూ, ఆ తర్వాత కంప్యూటరూ నేర్పింది సారే. బోర్డు నిండా రాశాక వెళ్ళి ఆఖరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చునేవారు, తన రాత అక్కడి దాకా కనిపిస్తోందో లేదో చూసుకోవడానికి. గుణకారం చేయబోతే ఆపేవారు. "జవాబు తర్వాత జెప్పు బేటా. వచ్చే అంకెలకు గడి సరిపోతదా, ముందుగాల అది జూడు."

ఆ మాట వింటూ పెరిగిన నేనే ఆ తప్పు చేశాను. నా మొదటి ఉద్యోగం బ్రౌజర్‌లో వీడియోలు చూపించే ప్లగిన్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో. అప్పట్లో అలాంటిది విడిగా వేసుకుంటే గాని బొమ్మ ఆడేది కాదు. వీడియో ఫైలు మొదట్లో బొమ్మ వెడల్పు, ఎత్తు రాసి ఉంటాయి. ఆ రెండూ గుణించి, ఎంత మెమరీ కావాలో లెక్కగట్టే వరుస నేను రాసిందే. లబ్ధం దాచుకోవడానికి నేను పెట్టిన గడి చిన్నది. సంఖ్య మరీ పెద్దదైతే పై అంకెలు రాలిపోయి చిన్న సంఖ్య మిగిలేది. ప్లగిన్ కొంచెం చోటే తీసుకుని అందులో పెద్ద బొమ్మను నింపబోయేది. పట్టనిదంతా పక్క మెమరీ మీద పడేది. తెలిసినవాడు కావాలని అలాంటి ఫైలు తయారుచేసి పెడితే, దాన్ని తెరిచినవాళ్ళ కంప్యూటర్ వాడి చేతికి చిక్కుతుంది.

మా బడి ల్యాబులో, పాడైపోయిన వీడియో పాఠం ఫైలు ఒకటి మా ప్లగిన్‌తో తెరిచినప్పుడల్లా బ్రౌజర్ కూలిపోతుంటే సార్ వదిలిపెట్టలేదు. ఫైలు లోపలి అంకెలు తీసి, కాగితం మీద చేత్తో గుణించి, రెండు బస్సులు మారి మా ఆఫీసుకు వచ్చారు.

నేను ఆయన్ని లోపలికి తీసుకెళ్ళలేదు. అరిగిన చెప్పులు, చెమటకు తడిసిన కుర్తా. రిసెప్షన్‌లోనే నిలబెట్టి మాట్లాడాను. ఎవరని తోటి ఉద్యోగి అడిగితే "ఇంటి దగ్గర తెలిసినాయన" అన్నాను. సార్ వినే ఉంటారు.

"ఇగ జూడు, ఈడ గడి నిండిపోతది," అని కాగితం నా చేతిలో పెట్టారు. "జల్ది ఠీక్ చెయ్యున్రి. ఎవనికన్న తెలిస్తే లోకుల కంప్యూటర్లు ఖరాబ్ జేస్తడు."

"చూస్తా సార్," అన్నాను.

ఆ సాయంత్రమే చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అయినా రెండు వారాలు నోరు విప్పలేదు. నాకు ప్రమోషన్ ఇవ్వాలా వద్దా అని అప్పుడే మాట్లాడుకుంటున్నారు. అది తేలాక సరిచేసి, పాత కోడ్ తిరగేస్తుంటే నా కంట పడిందని మీటింగులో చెప్పాను. చప్పట్లు కొట్టారు. కంపెనీ వేసిన ప్రకటనలో, లోపాన్ని కనిపెట్టినవారు అన్నచోట నా పేరు పడింది. ఆ రెండు వారాల్లో ఎవరికైనా నష్టం జరిగిందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదు.

ప్రకటన చదివి సార్ ఫోన్ చేశారు.

"మంచిగైంది బేటా. మరి పాతదే వాడెటోళ్ళకు ఎట్ల తెలుస్తది?"

అంతే అడిగారు. పేరు మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే క్షమించమని అడిగేదాన్నేమో. ఆ తర్వాత ఆయన ఫోన్ చేసినా ఎత్తడం మానేశాను. ఒకసారి నయాపూల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగితే, పది అడుగుల దూరంలో బస్సు కోసం నిలబడి ఉన్నారు. చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఆడవాళ్ళ గదిలో చాప మీద కూర్చోబెట్టి ఆయన కూతురు చాయ్ ఇచ్చింది.

"మా అబ్బా మీ గురించి మస్తు చెప్తుండె అక్కా. ఆ వీడియోల తప్పు పట్టింది నా స్టూడెంటే అని, ఇంటికొచ్చినోళ్ళందరికీ."

కప్పు కింద పెట్టేశాను. ఆ అబద్ధాన్ని ఆయన ఇన్నేళ్ళూ నాకోసం మోశారు.

"లేదమ్మా," అన్నాను. "నేను పట్టలే. మీ అబ్బా పట్టిన్రు. కాగితం మీద లెక్కజేసి తెచ్చి నాకిచ్చిన్రు. నేను నా పేరు రాసుకున్న."

ఆ పిల్ల కోపగించుకుంటుందనుకున్నాను. ఏడ్చి వాచిన కళ్ళతో మెల్లగా నవ్వింది.

"అబ్బానా?" అంది. "అమ్మీ! జర ఇధర్ ఆవో!"

లోపలి గదిలోంచి సార్ భార్య గోడ పట్టుకుంటూ వచ్చింది. నా ఎదురుగా కూర్చుని, తెల్ల దుపట్టా చెవుల వెనక్కి సర్దుకుని, చెప్పమన్నట్టు ముందుకు వంగింది. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.