పదో చెట్టు దాటాక

ఆగిరిపల్లి తోటల్లో తలెత్తి ఆకాశం చూసేవాళ్లంతా గాలివాన భయంతో చూసేవాళ్లే. విమానం కోసం చూసి, చివరికి దాన్ని నడిపేదాకా ఊరుకోని మొండిఘటం వెంకటాచలపతి ఒక్కడే.

అంతటివాడు 1986 మే నెలలో సస్పెండై సొంత మామిడితోట గట్టు మీద కూర్చున్నాడు. పదిగంటలు డ్యూటీ చేశాక ఇంకో విమానం ఎక్కమంటే ఎక్కనన్నాడు, అదీ నేరం. కంపెనీకి కొత్తగా వచ్చిన మేనేజరు కంప్యూటర్ పెట్టి డ్యూటీలు వేయిస్తున్నాడు. పైలట్లు బద్ధకిస్తున్నారని ఆ కంప్యూటర్ కాగితాలే చెబుతున్నాయంటాడు. పైలట్ల యూనియన్ వాళ్లు పాత అలవాటు కొద్దీ గేటు దగ్గర నినాదాలిచ్చి గొంతులు పోగొట్టుకున్నారు. ఆ యూనియన్‌కి కార్యదర్శి చలపతే. నెలాఖరు విచారణలో క్షమాపణ పత్రం మీద సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, లేదంటే ఊడుతుంది.

ఆ ఏడాది తోటను గుత్తకు తీసుకున్న తిరుపతిరావూ ఆ మేనేజరు లాంటి మనిషే. చేతి గడియారం చూసుకుంటూ, రోజుకు పద్నాలుగు చెట్ల కాయ దించాలని కోత ముఠాను తరుముతున్నాడు. ఆ సాయంత్రం దెబ్బ తగిలిన కాయలు చూసి, బద్ధకంతో పాడుచేస్తున్నారంటూ ముఠా పెద్ద అయిన ఆరోగ్యం అనే ఆవిడ మీద విరుచుకుపడ్డాడు.

ఏ చెట్టు కాయ ఆ చెట్టు కుప్పగా, కోసిన వరసలోనే పోయించడం ఆరోగ్యం పద్ధతి. ఆమె ఎదురు చెప్పకుండా అతన్ని మొదటి కుప్ప నుంచి నడిపించుకుంటూ వెళ్లింది.

“పది కుప్పలు చూశారు కదండీ, ఒక్క కాయకి దెబ్బుందా? పదో చెట్టు దాటాక చూడండి. పైనున్నోడి చేతులు వణుకుతాయి, కాయ కోసే గడ వంకరపోద్ది, కాయ రాలుద్ది. రాల్చింది మేమే. పద్నాలుగు ఎక్కమన్నది మాత్రం తమరు.”

తిరుపతిరావు గొణుక్కున్నాడు గానీ, మర్నాటి నుంచి పది చెట్లతో ఆపించాడు.

“తప్పు మీరే చూపించారే, పని పోతుందని భయం లేదా?” అని ఆరోగ్యాన్ని అడిగాడు, అదంతా గట్టు మీంచి చూసిన చలపతి.

“దాచితే ఆయన మాటే నిజమైపోద్ది కదా, చలపతి బాబూ!”

చలపతికి నిజంగానే సిగ్గేసింది. పైలట్లు అన్నీ ఒప్పుకుంటారు గానీ గాల్లో చేసిన పొరపాటు మాత్రం ఒప్పుకోరు. అతనూ ఒప్పుకోలేదు. వెంటనే హనుమాన్ జంక్షన్ వెళ్లి, తోటి పైలట్లకు ట్రంకు కాల్స్ చేశాడు. ఎవరి పొరపాట్లు వాళ్లు, డ్యూటీలో ఎన్నో గంటలో జరిగాయో రాసి పంపమన్నాడు.

“మతి పోయిందా నీకు? లైసెన్సులకే ఎసరు!” అని తిట్టిపోశారు.

అతను వాదించలేదు. తనది రాసి అందరికీ పంపాడు. పదకొండో గంటలో విమానాన్ని దబ్బున దించి, లోపలున్న వాళ్లందరినీ హడలగొట్టిన సంగతి అది. వారం తర్వాత మొదటి ఉత్తరం వచ్చింది. విచారణ నాటికి అరవై ఒకటయ్యాయి.

విచారణలో మేనేజరు క్షమాపణ పత్రం ముందుకు తోశాడు. చలపతి దాని మీద ఆ కాగితాల కట్ట పెట్టాడు. గంటల వరసలో పేర్చి ఉన్నాయి. పదో గంట లోపలివి నాలుగు, మిగతావన్నీ ఆ తర్వాతివే.

మేనేజరు కాగితాలు తిరగేసి, కట్టను మళ్లీ ఆ పత్రం మీదే పడేశాడు. “ఇన్ని తప్పులు ఒప్పుకున్నందుకు మీ అందర్నీ తీసెయ్యొచ్చు, తెలుసా?”

“తీసెయ్యండి సార్. మా సీట్లలో కొత్తవాళ్లని కూర్చోబెట్టండి. వాళ్లకీ పదో గంట దాటుతుంది. ఇకమీద డ్యూటీలు వేసేటప్పుడు మీ కంప్యూటర్ పక్కన మా మనిషి ఒకడు కూర్చోవాలి. అది ఒప్పుకుంటే రేపే డ్యూటీకి వస్తాను.”

చలపతి ఆ కట్ట తీసి మేనేజరు చేతికిచ్చాడు. కింద క్షమాపణ పత్రం సంతకం లేకుండా అలాగే ఉంది.