సుడోకులో నేను కొట్టిన తప్పు అంకె

2011లో నేను ఎల్బీ నగర్‌లో ఒక దినపత్రిక జిల్లా డెస్క్‌లో సబ్ ఎడిటర్‌ని. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. పేజీలన్నీ బంద్‌లూ రాస్తారోకోలే. రాశిఫలాల పక్కన వేసే సుడోకు కూడా నా పనే. దాని పేరు జపాన్‌ది, ఇప్పటి రూపంలో మొదట అచ్చయింది మాత్రం అమెరికాలో. జపాన్‌లో పేరు తెచ్చుకుని, లండన్ పత్రికల మీదుగా మన దాకా వచ్చింది. భాషతో పనిలేదు, తొమ్మిది అంకెలు వస్తే చాలు. ఒక్కరోజు వేయకపోతే ఫోన్లు మోగేవి.

ఒక బంద్ రోజు పదకొండింటికి సైదాబాద్ నుంచి సునీత అనే ఆమె ఫోన్ చేసింది.

"మేడం, ఇయ్యాల్టి సుడోకు సరిగ్గనే ఉందా? జర చూడుండ్రి."

"జవాబు రేపు వేస్తామండీ."

"రేపటిదాంక ఆగేటట్టు లేదు మేడం. మా నాయినకు పక్షవాతం ఒచ్చి నాలుగు నెలలాయె. మెదడుకు మంచిదని డాక్టర్ చెప్పిన కాన్నుంచి రోజూ చేస్తున్నడు. ఇయ్యాల అయితలేదు. నా మెదడు ఖరాబైందని పెన్ను ఇసిరేసిండు. గోలీలు సుత ఏసుకుంటలేడు."

ఏజెన్సీ పంపిన అసలు కాగితం తీశాను. గడుల్లో ముందే ఇచ్చే అంకెల్ని మేం గివెన్స్ అంటాం. వాటిని నేనే టైప్ చేస్తాను. ఎనిమిది ఉండాల్సిన గడిలో మూడు కొట్టాను. అలా అయితే ఎవరికీ తెగదు.

వెంటనే ఫోన్లోనే సునీతకు చెప్పాను. కానీ ఆమె చెప్తే వాళ్ల నాన్న నమ్మలేదట. "నన్ను సముదాయిస్తున్నరు" అన్నాడట.

"రేపు సవరణ వేద్దాం" అన్నారు మా ఇన్‌ఛార్జి. నాకు కాలు నిలవలేదు. బస్సుల్లేవు. సునీతను అడ్రసు అడిగి, అసలు కాగితం బ్యాగులో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఊరేగింపుల్ని తప్పుకుంటూ నడిచాను.

సునీత నాన్న యాదయ్య గారు రిటైరైన బస్సు కండక్టరు. గోడవైపు తిరిగి పడుకున్నారు. మంచం మీద పేపరు, కొట్టేసి కొట్టేసి చిరిగిపోయింది.

"తప్పు నాదండీ. ఇక్కడ ఎనిమిది ఉండాలి" అంటూ రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టాను.

ఎడమచేతి వేలితో గడి గడీ పోల్చుకున్నారు.

"గీ మూడు మీద పొద్దుగాలనే అనుమానమొచ్చింది. గానీ పేపర్ల తప్పెట్లుంటది, నాకే తెలుస్తలేదనుకున్న."

సునీత ముఖం పక్కకు తిప్పుకుంది. ఆయన పెన్ను అడిగారు. వంకర అంకెలతో, ముప్పావుగంటలో పూర్తిచేశారు. గోలీలు వేసుకుని నావైపు చూశారు.

"ఎల్బీ నగర్ నుంచి నడిసొచ్చినవా బిడ్డా? సునీతా, ఇద్దరికీ అన్నం పెట్టు."

ఆ తర్వాత పెన్సిల్‌తో నేను పూర్తిచేయకుండా ఏ సుడోకూ ప్రెస్‌కు పంపలేదు. తప్పు అచ్చయితే పాఠకుడు మమ్మల్ని తిడతాడనే అప్పటిదాకా అనుకునేదాన్ని. మమ్మల్ని నమ్మి, తన మీదే నమ్మకం పోగొట్టుకునేవాడు కూడా ఉంటాడని యాదయ్య గారి వల్లే తెలిసింది.