చెరిగిన ఎనిమిది పేర్లు

ఏడేళ్లుగా ఒక అబద్ధం మీద బతుకుతున్నాను. నా పేరు ముందు డాక్టర్ అన్న మాట, కాలేజీలో పిల్లలు లేచి నిలబడి పెట్టే నమస్కారం, అన్నీ దాని మీద వచ్చినవే. మా ఆయనకు తెలియదు. అమ్మకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. పాప నిద్రపోయింది. లేచేలోగా రాసేయాలి.

నా పరిశోధన పల్లేరు మీద. అవును, కాలికి గుచ్చుకునే ఆ పల్లేరే. భావనపాడు సముద్రపు ఒడ్డున మొలిచేదీ, శ్రీముఖలింగం దగ్గర వంశధార గట్టున మొలిచేదీ ఒకటేనా? లేక తరతరాలుగా తగిలిన ఉప్పు ఆ ఒడ్డు మొక్కను లోలోపల వేరే మొక్కగా మార్చేస్తోందా? ఇదీ నా ప్రశ్న. రెండు చోట్లా ఆకులు కోసుకొచ్చి, నూరి, డీఎన్‌ఏ తీసి, చిన్న చిన్న ట్యూబుల్లో పోసి, మూతల మీద మార్కర్‌తో ఊరి పేరు రాసుకున్నాను.

ఒక మధ్యాహ్నం స్పిరిట్ సీసా ఒలికింది. ఎనిమిది మూతల మీద రాత పూర్తిగా చెరిగిపోయింది.

తప్పు అది కాదు. చెయ్యి తగలడం ఎవరికైనా జరుగుతుంది. వాటిని పక్కన పెట్టి, వానలు పడి మొక్కలు మళ్లీ మొలిచేదాకా ఆగి, కొత్త ఆకులు తెచ్చుకోవాలి. కానీ మా గైడుగారు వ్యాసం పంపడానికి గడువు పెట్టేశారు. మిగతా ట్యూబుల ఫలితమేమో ఎటూ తేలడం లేదు. అప్పుడు నేనేం చేశానంటే... ఎలా రాయను? ఆ ఎనిమిదింటినీ ముందు పరీక్షించాను. ఫలితం చూశాను. చూశాక, నాకు కావలసిన జవాబు వచ్చేలా మూతల మీద ఊళ్ల పేర్లు రాశాను.

రెండు నిమిషాల పని. రెండు పల్లేర్లూ విడిపోతున్నాయని తేలింది. వ్యాసం అచ్చయింది. గైడుగారు స్వీట్లు పంచారు.

నేను థీసిస్ ముగిస్తుండగా రత్నం మా ల్యాబ్‌లో చేరింది. భావనపాడులో చేపలమ్మే ఆవిడ కూతురు. "మా అమ్మ అడుగుతన్నాదక్కా, పల్లేరుకాయలు ఏరడానికి ఇంత సదువేటే అని," అంటూ నవ్వేది. నా పనినే ముందుకు తీసుకెళ్లాలని కొత్త ఆకులతో మొదలుపెట్టింది. తేడా కనిపించలేదు. మళ్లీ చేసింది. మూడోసారీ అంతే. నువ్వు శాంపిళ్లు కలిపేసుకుని ఉంటావని గైడుగారు అందరి ముందూ కేకలేశారు. ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చింది.

"అక్కా, నీ పాత ట్యూబులు ఉన్నాయేటి? ఓసారి ఇయ్యి. నావీ నీవీ పక్కపక్కన పెట్టి సూద్దాం."

"లేవే. తుఫానుకి కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌లో పాడైపోయాయి. పారేశాను."

"అయ్యో." తనే నవ్వింది. "అయితే నేనే ఎక్కడో కలిపీసినాను. నువ్వు తప్పు సేత్తావేటి?"

ట్యూబులు ఫ్రిజ్ కింది అరలో, బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. తను వెళ్లగానే అన్నీ సింకులో ఒంపేసి, డబ్బా కడిగి బోర్లించాను. మూతల మీద పేర్లు రాసిన రోజు తొందర అనుకుందాం. ఈ రోజును ఏమనాలి?

ఫలితం చూపించలేదని ఆ ఏడాదే రత్నం ఫెలోషిప్ ఆగిపోయింది. వెళ్లే రోజు తన నోటుపుస్తకం నా చేతిలో పెట్టి, "ఎక్కడ తప్పు సేసినానో కనిపిస్తే సెప్పక్కా," అంది. టెక్కలి వైపు ఏదో చిన్న బడిలో పాఠాలు చెబుతోందని విన్నాను. నేను ఫోన్ చెయ్యలేదు.

పాప పుట్టినప్పుడు నర్సు దాని చేతికి నా పేరున్న పట్టీ కట్టి, "సదివి సూసుకోమ్మా, పేరు నీదేనా? బిడ్డ మారిపోయిందని రేపు మమ్మల్ననకు," అంది. చదివాను. మళ్లీ చదివాను. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు ఆ పట్టీ తీయనివ్వలేదు. మా ఆయన నవ్వారు. నా బిడ్డ పేరు కోసం ఇంత భయపడే మనిషిని, రత్నం కూడా ఒక తల్లి బిడ్డేనని అనుకోలేదా?

అచ్చువేసిన పత్రికకు నిజం రాయాలి. రాస్తానా? ఉద్యోగం పోతే పాప గతేమిటని ఆగిపోతాను. ధైర్యముందని ఇక్కడ కూడా అబద్ధం చెప్పలేను. కానీ ఆ వ్యాసంలో ఉండాల్సిన వాక్యం ఇప్పుడైనా రాస్తున్నాను: ఆ ఎనిమిదింటిలో ఏది ఒడ్డుదో, ఏది గట్టుదో నాకు తెలియదు. అప్పుడూ తెలియదు.

రాశాక ఊపిరి కొంచెం కిందికి దిగింది.

ఇవాళ బీరువాలోంచి ఆ నోటుపుస్తకం తీసి మొదటిసారి చివరిదాకా చదివాను. ప్రతి ఆకు పొట్లం పేరూ పెన్సిల్‌తో, ఒక్కటీ చెరగకుండా ఉంది. తప్పు కోసం వెతికాను. దొరికితే బాగుండునని కూడా అనుకున్నాను.

రత్నం, నీ తప్పు ఎక్కడా లేదు.