చూడకముందే రాసేసిన క్లాసు

సిగ్గుతో చచ్చిపోయి, మళ్లీ అదే రైలెక్కి ఇంటికొచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేనే. చెబుతాను, నవ్వుకోండి. రేపల్లెలో మా అమ్మ చెవిన మాత్రం వేయకండి.

అప్పుడు తెనాలిలో బీఎడ్ చేస్తున్నాను. బాపట్లలో ఒక కాలేజీలో విదేశీ విద్యార్థులకు ఇంగ్లీషు గ్రామర్ క్లాసు జరిగేది. దాన్ని చూసి, చూసింది రికార్డులో రాసి, టీచరు సంతకం తేవాలి. క్లాసు జరిగిన మర్నాటికల్లా రికార్డు ఇవ్వకపోతే హాల్‌టికెట్ రాదు.

"క్లాసయ్యాక రాసే తీరికెక్కడిదే? ముందే రాసేసుకో. మేమంతా అంతే" అంటూ మా సీనియర్ సుల్తానక్క తన రికార్డు చేతిలో పెట్టింది. అది ఆమెకు ఆమె సీనియర్ ఇచ్చిందట, తాతల నాటి నగలా. పుట్టని బిడ్డకు జాతకం రాసినట్టు, క్లాసుకు ముందురోజు ఇంటికెళ్తూ రేపల్లె రైల్లో కూర్చుని నాలుగు పేజీలూ దించేశాను.

మర్నాడు బాపట్ల స్టేషన్‌లో దిగగానే చెప్పు తెగింది. కాలీడ్చుకుంటూ వెళ్లి క్లాసులో చివరి బెంచీలో కూలబడ్డాను. పక్కన నేతచీరలో ఒక పెద్దావిడ ఉంది. ఆయా కాబోలు అనుకుని, "సారు ఎప్పుడొస్తారు పిన్నీ?" అని అడిగాను.

"క్లాసు మొదలైపోయిందమ్మా" అందావిడ మెల్లగా.

చూస్తే బోర్డు దగ్గర ఎవరూ లేరు. విద్యార్థులే ఒకరి తర్వాత ఒకరు లేచి ఇంటి సంగతులు ఇంగ్లీషులో చెబుతున్నారు. టాంజానియా నుంచి వచ్చిన జుమా లేచాడు. తలుపుకు సరిపడా ఎత్తు, గొంతు మాత్రం నాకన్నా చిన్నది.

"మా అమ్మ చేపల కూర బాగా వండేది" అన్నాడు.

ముందు బెంచీలో నేపాల్ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. అప్పుడు నా పక్కనున్న ఆయా, చక్కటి ఇంగ్లీషులో, "ఇప్పుడు వండరా?" అంది.

"వండుతుంది మేడమ్. పొద్దున కూడా ఫోన్ చేసింది."

"అయితే ఆవిణ్ణి బతికించు నాయనా."

జుమా ఒక్క మాట మార్చాడు. వాళ్లమ్మ లేచి పొయ్యి వెలిగించింది. క్లాసంతా చప్పట్లు. పన్నెండేళ్లు గ్రామర్‌లో భూత, వర్తమాన కాలాలన్నీ బట్టీ పట్టాను. వాటిలో ఒక మనిషి ప్రాణం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ సంచిలో ఉండే డైరీ తీసి, ఒళ్లో పెట్టుకుని, మైమరచిపోయి రాసుకుంటూ కూర్చున్నాను. ఎంత మైమరచిపోయానంటే, గంట కొట్టగానే రికార్డు తెరిచి భక్తిగా మేడమ్ చేతికిచ్చాను.

ఆవిడ పైకే చదివారు. "'సారు చిరునవ్వుతో ప్రవేశించగా విద్యార్థులందరూ లేచి నమస్కరించారు.' ఏ సారమ్మా?"

"మీరేనండి."

"ఓహో. మరి నా మీసాల గురించి రాయలేదే?"

"లేదండి."

"'చివరి బెంచీలో అల్లరి చేస్తున్నవారిని సారు సున్నితంగా మందలించారు.' చివరి బెంచీలో మనిద్దరమే కదా. ఎవరు చేశారు అల్లరి?"

"నేనేనండి."

"ఎప్పుడు రాశావిది?"

"నిన్న... రైల్లోనండి."

హాల్‌టికెట్ రెక్కలొచ్చి కిటికీలోంచి ఎగిరిపోవడం కళ్లారా చూశాను.

"ఒళ్లో దాచిన ఆ పుస్తకం ఏంటి?"

"డైరీ అండి."

"ఇటివ్వు."

మా అమ్మ కూడా ముట్టుకోని డైరీ అది. ఆవిడ చదువుతుంటే నేను నేల మీది గళ్లు లెక్కపెట్టాను. తెగిన చెప్పు, ఆయా, జుమా వాళ్లమ్మ, అన్నీ ఉన్నాయందులో. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇదమ్మా క్లాసు చూడడమంటే" అని రికార్డులో నాలుగు పేజీలూ అడ్డంగా కొట్టేసి, డైరీ పేజీ కింద సంతకం పెట్టారు. "ఇది చింపి అందులో అతికించు."

హాల్‌టికెట్ వచ్చింది. పాసయ్యాను. ఆనవాయితీ ప్రకారం ఆ రికార్డును ఉదారంగా జూనియర్లకు దానం చేశాను.

మరుసటి ఏడాది మేడమ్ ఫోన్ చేశారు. "ఏంటమ్మా, ఈసారి మీ తెనాలి నుంచి తొమ్మిది మంది వచ్చారు. తొమ్మిది మందికీ బాపట్ల స్టేషన్‌లోనే చెప్పు తెగిందట. తొమ్మిది మందీ నన్ను ఆయా అనుకున్నారట. జుమా చదువైపోయి వెళ్లిపోయాడు గానీ, వాళ్లమ్మ మాత్రం ఇక్కడ తొమ్మిదిసార్లు బతికింది."

అందుచేత పాఠకులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. చూడని క్లాసు గురించి ఈ జన్మలో రాయను. చూసి రాసింది జూనియర్లకు ఇవ్వను. జుమా వాళ్లమ్మ నూరేళ్లు చల్లగా ఉండాలి, వర్తమాన కాలంలోనే.