మా మేడమీది రౌడీలు

మా మేడమీద అద్దెకున్న ఒక యువకుడి పెళ్లి నా సిఫారసు వల్లనే కుదిరిందని ఆ కుటుంబంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఆనాడు అతణ్ణి ఉద్దేశించి నేను పలికిన మాట ‘రౌడీ’. పొరపాటు కథ స్థిరపడకముందే జరిగినది రాసిపెట్టడం అవసరమని తోచింది.

తొంభైల చివర, మాదాపూర్‌లో కంప్యూటర్ ఆఫీసులు వరుసగా తెరుచుకుంటున్న రోజులు. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి మదీనాగూడలో ఇల్లు కట్టుకున్నాను. పై వాటాలో ఆ ఆఫీసుల్లో పనిచేసే నలుగురు బ్రహ్మచారులు ఉండేవారు. రౌడీ అంటే కలహాలకు దిగి శాంతికి భంగం కలిగించేవాడని నిఘంటువు చెబుతుంది. మన పత్రికలు కత్తి పట్టినవాడికే ఆ మాట వాడతాయి. నా వాడుకలో మాత్రం మెట్లు రెండేసి చొప్పున దిగేవాడు, ఈల వేసేవాడు, నా మధ్యాహ్న నిద్రవేళ తలుపు ధడాలున మూసేవాడు కూడా రౌడీలే.

ఒక ఆదివారం నీళ్ల ట్యాంకర్ వచ్చింది. నలుగురూ నీళ్లు పడుతూ, ఖాళీ డ్రమ్ము మీద తీన్‌మార్ వాయిస్తూ, ఒకరిమీద ఒకరు చెంబులతో గుమ్మరించుకుంటూ వీధిని హోరెత్తించారు. నేను వరండాలోకి వచ్చి, “రౌడీ మూకల్లారా, ఇది ఇల్లనుకున్నారా, సంత అనుకున్నారా?” అని గద్దించాను. వాళ్లు మెట్లెక్కి మాయమయ్యారు.

అప్పుడు చూశాను, గేటు దగ్గర ఒక పెద్దమనిషి, ఆయన తల్లి. డ్రమ్ము వాయించినవాడికి తమ పిల్లనిచ్చే ఆలోచనతో, అతడి నడవడి గురించి ఇంటి యజమానిని విచారించడానికి కరీంనగర్ నుంచి వచ్చారు.

“రౌడీలకిచ్చిన్రా సారూ ఇల్లు కిరాయికి?” అన్నది పెద్దావిడ.

పిల్ల తండ్రి ముఖం వాడిపోయింది. లోపల కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాను. తాగుతాడా, ఎవరినైనా కొట్టాడా అని ఆవిడ నిలదీసింది. రెండూ లేవన్నాను.

“మరేం జేస్తడు?”

“అల్లరి చేస్తాడమ్మా. విపరీతంగా చేస్తాడు.”

ఆవిడ ముఖం విప్పారింది. మనవరాలు నవ్వితే గల్లీ చివరిదాకా వినబడుతుందట. “సప్పుడు లేని ఇంట్లకిస్తె మా పోరి ఆగమైతది సారూ,” అన్నది.

ఇంతలో కబురందిన వరుడు దిగివచ్చాడు, మెట్టు తర్వాత మెట్టు, తల నున్నగా దువ్వుకుని, గొంతు దాకా గుండీలు పెట్టుకుని. ఏమడిగినా అవును, కాదు తప్ప మరో మాట లేదు. అంతకాలం నేను కోరిన క్రమశిక్షణ అదే. ఆ పూట చూస్తే నాకే నచ్చలేదు.

“గా డ్రమ్ము గొట్టినోడు గీ పిలగాడేనా?” పెద్దావిడ అనుమానంగా నావైపు చూసింది.

సంబంధం చేజారుతోందని గ్రహించాను. లేచి వెళ్లి, ఖాళీ డ్రమ్మును దొర్లించుకొచ్చి అతడి ముందు నిలబెట్టాను.

“వాయించు.”

“మీరు పడుకునే టైం కద సార్.”

“వాయించమన్నాను.”

వాయించాడు. మెట్ల మీద నక్కిన ముగ్గురూ ఈలలందుకున్నారు. పెద్దావిడ కుర్చీలోనే భుజాలు కదిపింది. తండ్రి చేతిలో చాయ్ ఒలికేలా నవ్వాడు.

పెళ్లయ్యాక మిగతా ముగ్గురూ వేరే వాటా చూసుకున్నారు, దంపతులు మా మేడమీదే కాపురం పెట్టారు. నవ్వు గురించి నాయనమ్మ చెప్పినది అతిశయోక్తి కాదు. చప్పుడైనప్పుడల్లా నేను ‘రౌడీ’ అనే అదే మాటతో కేకవేసేవాణ్ణి. “ఆఁ సార్” అని పైనుంచి రెండు గొంతులు పలికేవి.

ఆ మాటను ఇలా పిలుపుగా వాడడం దోషమని తోచినవారు, ఇందులో ఇతర పొరపాట్లు కనిపెట్టినవారు దయతో సవరించాలి. మధ్యాహ్నమైనా రావచ్చు. ఆ వేళ నిద్రపోయే అలవాటు నాకు అప్పుడే తప్పిపోయింది.